తలకొక బ్లేడు ఇచ్చే ఊర్లో

(తిరుపతిలో హెపటైటిస్ దినం మీటింగులో ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్ మాట్లాడింది ఇది. ఎదురుగా కూర్చున్నది ఆశా కార్యకర్తలు, నర్సింగ్ స్టూడెంట్లు, మెడికల్ షాపులోళ్ళు, కొంతమంది తల్లిదండ్రులు. రాలేకపోయినోళ్ళ కోసం ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేసినాము. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసెయ్యలా.)

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తా ఉందా? ఫ్యాన్ కింద కూర్చున్న ఆడబిడ్డలు, వినిపిస్తే చెయ్యెత్తండి. ఆ, సరే. ముందే చెప్తా ఉండా, నేను డాక్టర్ని కాదు. నా ముందు మాట్లాడిన సార్లు మంచి మంచి స్లైడ్లు చూపించినారు, నా దగ్గర స్లైడ్లు లేవు, నాకుండేదల్లా ఈ చెయ్యే. ఈ చేత్తో 31 ఏండ్లు రక్తం తీసినా. ల్యాబ్ టెక్నీషియన్ అంటే తెలుసు కదా మీకు, డాక్టరు చీటీ రాస్తాడు, నర్సమ్మ మందిస్తుంది, మధ్యలో గుచ్చేవాడు ఒకడుంటాడు, వాడి మొహం ఎవరికీ గుర్తుండదు, వాడు గుచ్చిన నొప్పి మాత్రం గుర్తుంటుంది. ఆ గుచ్చేవాణ్ణి నేను.

ఒక మాట అడుగుతా. కొండ మీద గుండు కొట్టించుకున్నోళ్ళు ఎంతమంది ఉండారు ఇక్కడ? హహ, తిరుపతిలో ఈ ప్రశ్న అడగడమే దండగ. సరే, కల్యాణకట్టలో కౌంటర్ దగ్గర ఏమిస్తారు మీకు? టోకెనా? టోకెన్ ఒకటేనా? ఆ, ఆ అమ్మ చెప్పింది చూడండి, బ్లేడు. తలకొక బ్లేడు. కలెక్టరు పోయినా అంతే, కూలికి పోయే ఆయప్ప పోయినా అంతే. ఎందుకిస్తారు? నీ రక్తం ఇంకొకరికి అంటకూడదని, ఇంకొకరిది నీకు అంటకూడదని. రోజుకి ఎన్ని వేల తలలు ఆ మెట్ల మీద కూర్చుంటాయో మీకే తెలుసు. ఒక్కరైనా అడిగినారా, ఏమయ్యా కొత్త బ్లేడు ఇస్తే జనాలకి గుండు కొట్టించుకునే అలవాటు పెరిగిపోదా అని? బ్లేడు దొరికింది కదా అని ఎవరన్నా రోజూ పోయి గుండు కొట్టించుకున్నారా?

నవ్వుతా ఉండారు. నవ్వండి, మళ్ళీ ఈ తావుకే వస్తా నేను.

హెపటైటిస్ సి. మన వాళ్ళకి హెపటైటిస్ అంటే పచ్చకామెర్లు, పచ్చకామెర్లు అంటే పసరు, లేదంటే చేతి మీద వాత పెట్టించుకునేది. ఈ సి అనేది ఉందే, ఇది నిండా గమ్మున ఉండే రకం. చానామందికి కండ్లు పచ్చబడవు, జ్వరం రాదు, ఆకలి కూడా మామూలుగానే ఉంటుంది. 1989కి ముందు దీనికి పేరే లేదు. డాక్టర్ల పుస్తకాల్లో నాన్ ఏ నాన్ బి అని ఉండేది, అంటే ఏ కాదు బి కాదు అని, బిడ్డకి పేరు పెట్టకుండా పెద్దోడు కాదు నడిపోడు కాదు అని పిలుచుకున్నట్టు. దాని వెనక పడి పట్టుకున్న ముగ్గురికి, ఆల్టర్, హౌటన్, రైస్ అని, 2020లో నోబెల్ ఇచ్చినారు. ఈరోజు జులై 28 ఎందుకు పెట్టినారంటే బి వైరస్ కనుక్కున్న బ్లంబర్గ్ అనే ఆయన పుట్టినరోజు ఇది. సరే, బి కి టీకా వేయించుకున్నోళ్ళు చెయ్యెత్తండి. స్టూడెంట్లు అందరూ ఎత్తినారు, మంచిది. సి కి టీకా వేయించుకున్నోళ్ళు? ఆ, నలుగురు ఎత్తినారు. దించండి నాయనా, దించండి, సి కి టీకా లేదు. ఈ నిమిషానికి ప్రపంచంలో యాడా లేదు. టీకా లేని దానికి మందుంది, అదీ నయమైపోయే మందు, బి కి టీకా ఉంది గానీ పూర్తిగా నయం చేసే మందు లేదు. రెండూ ఒకటే అనుకుని మీరే తికమక పడితే ఇంక ఊర్లో వాళ్ళకి ఏం చెప్తారు?

మన దేశంలో 55 లక్షల మందికి ఉండాదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తాంది, 2022 లెక్క అది. అందులో సగం మందికన్నా తెలుసా తమకి ఉన్నట్టు? తెలీదు. ఎట్లా తెలుస్తుంది, నొప్పి లేదు కదా. 100 మందికి అంటిందనుకోండి, సుమారు 30 మందికి ఆరు నెలల్లోపల దానంతటదే పోతుంది, మిగతా 70 మందిలో లోపలే కాపురం పెడుతుంది, పదేండ్లు, ఇరవై ఏండ్లు. అట్లా కాపురం పెట్టించుకున్నోళ్ళలో ఇరవై ఏండ్లకి నూటికి 15 నుంచి 30 మందికి లివర్ గట్టిపడిపోతుంది, పొట్టకి నీళ్ళు పడతాయి, అప్పుడు వేలూరికి ఎత్తుకుని పరిగెత్తుతాము మనం.

ఈ 30, 70 లెక్క ఉంది చూడండి, దీన్ని మర్చిపోవద్దు, దీని మీద మీకు ఒక కథ చెప్పాల.

ఒక పిల్లోడు, పీలేరు పక్క పల్లె. కువైట్‌కి పోవాలని ఏజెంటుకి డబ్బులు కట్టినాడు, మెడికల్‌కి పోయినాడు, అక్కడ రక్తంలో హెచ్‌సీవీ, అంటే ఈ సి వైరస్సే, పాజిటివ్ అని అన్‌ఫిట్ కొట్టినారు. వాడు అంతకు ముందు బెంగళూరులో పని చేసేటప్పుడు స్నేహితులతో కలిసి నొప్పి మందు సూదులేసుకునేవాడు, ఇంట్లో తెలీదు. ఇప్పుడు తెలిసింది. ఆ తల్లి ఏం చేసింది, వాడి కంచం వేరు చేసింది, గ్లాసు వేరు చేసింది. నేను చూసినా ఆ గ్లాసు, సొట్ట పోయిన స్టీలు గ్లాసు, అంచుకి ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టి పెట్టింది, పొరబాటున వేరేవాళ్ళు తాగకుండా. చెల్లెలి పెండ్లి చూపులకి వాణ్ణి ఇంట్లో ఉండొద్దు అన్నారు. నాలుగేండ్లు అట్లా నడిచింది. ఇదంతా ఆయమ్మ నాతో ఏడుస్తా చెప్తా ఉంటే నేను అడిగినా, అమ్మా, గడ్డం గీసుకునే సెట్టు ఎన్ని ఉండాయి ఇంట్లో అని. ఒకటే సార్, బాత్‌రూం కిటికీలో ఉంటుంది, ఆయనా వాడే, పిల్లోడూ వాడే అనింది.

అర్థమైందా? ఎంగిలి గ్లాసుతో అంటదు ఇది. పక్కన కూర్చుంటే అంటదు, ఒకే కంచంలో తింటే అంటదు, ముద్దు పెట్టుకుంటే అంటదు. రక్తం రక్తం తగిలితేనే అంటుంది. అంటని గ్లాసుని నాలుగేండ్లు వేరు పెట్టింది, అంటుకునే అవకాశం రవంతన్నా ఉన్న రేజరుని మాత్రం అందరికీ ఒకటే పెట్టింది. ఆయమ్మ తప్పు కాదది. ఎవరూ చెప్పలా ఆమెకి.

ఇంకా అసలు సంగతి చెప్పలా. వాడికి కువైట్ మెడికల్‌లో చేసింది యాంటీబాడీ టెస్టు. యాంటీబాడీ అంటే పోలీస్ స్టేషన్లో పాత రికార్డు లాంటిది, దొంగ ఎప్పుడో ఒకసారి వచ్చి పోయినాడని చెప్తుంది, ఇప్పుడు ఇంట్లో ఉండాడా లేదా అని చెప్పదు. ఆ రికార్డు బతికినన్నాళ్ళూ ఉంటుంది, మందేసుకుని నయమైనా కూడా ఉంటుంది. దొంగ ఇప్పుడు లోపల ఉండాడా అని తెలియాలంటే ఆర్‌ఎన్‌ఏ టెస్టు చెయ్యాల, వైరల్ లోడ్ అంటారే అది. నాలుగేండ్ల తర్వాత చేసినాము వాడికి. వైరస్ లేదు. ఆ 30 మందిలో ఒకడు వాడు. నాలుగేండ్లు లేని జబ్బుకి గ్లాసు వేరు పెట్టినారు! కువైట్ వాళ్ళ రూలు వాళ్ళది, యాంటీబాడీ ఉంటే వాళ్ళు తీసుకోరు, దానికి నేనేం చెయ్యలేను, కానీ ఆ నాలుగేండ్లు ఇంట్లో వాడు పడింది చూడండి. అందుకే నర్సింగ్ పిల్లోళ్ళకి చెప్తా ఉండా, కిట్‌లో రెండు గీతలు చూసి మీకు హెపటైటిస్ సి ఉంది అనొద్దండి. ఒక టెస్టు పాజిటివ్ వచ్చింది, ఇంకొకటి చేసి చూద్దాం అనండి, అంతే.

ఇప్పుడు సూదేసుకునే పిల్లోళ్ళ సంగతి. మన ఊర్లో లేరు సార్ అనే వాళ్ళు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలా, మంచిది, పొద్దుటి నుంచి ఇదొక్కటే నాకు సంతోషం. 2019లో ఎయిమ్స్ వాళ్ళు దేశమంతా సర్వే చేసి చెప్పింది, సూదితో మత్తు ఎక్కించుకునే వాళ్ళు సుమారు 8 లక్షల 50 వేల మంది అని. ఈ హెపటైటిస్ సి వాళ్ళలో ఎందుకు అంత జాస్తి? హెచ్‌ఐవీ కంటే ఇది సూదిలో చాలా మొండిది. అమెరికాలో ఒక ల్యాబ్ వాళ్ళు వాడేసిన సిరంజిలో మిగిలిన రక్తపు తడి పెట్టి చూసినారు, ఎన్నాళ్ళు బతుకుతుందని. కొన్ని సిరంజిల్లో 63 రోజులు. రెండు నెలలు! సూది మార్చినా, కలుపుకునే నీళ్ళు ఒకటే అయితే, వడగట్టే దూది ఒకటే అయితే, కలిపే మూత ఒకటే అయితే, చాలు. వాళ్ళు అంటారు, సార్ మేము ఒకరి సూది ఒకరం వాడుకోము, ఎవరిది వాళ్ళదే అని. నిజమే చెప్తారు పాపం. నీళ్ళ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలా.

వాళ్ళు టెస్టుకి ఎందుకు రారు అని మీటింగుల్లో అడుగుతారు. అవగాహన లేదు సార్ అంటారు. అవగాహన లేకపోవడం కాదబ్బా. నేను చెప్తా ఎందుకు రారో.

ఒకరోజు ఒక పిల్లోడు వచ్చినాడు నా దగ్గరికి, ఇరవై నాలుగు ఇరవై అయిదు ఉంటాయి, ఎండాకాలంలో ఫుల్ చేతుల చొక్కా. నా తావుకి రాకముందు ఇంకో చోట నాలుగు సార్లు గుచ్చి, రక్తం రాక, రేపు రాపో అని పంపించేసినారు, పక్కన ఉన్న ఆవిడ ఏమో వీళ్ళకి నరాలు యాడుంటాయి అన్ని తూట్లే అనింది అందరి ముందర. నేను చొక్కా మడవమన్నా. మోచేతి మడతలో చర్మం తాడు మాదిరి గట్టిగా ఉంది, వేలు పెట్టి నొక్కితే నరం తగల్లా. కట్టు కట్టినా, చెయ్యి మార్చినా, రెండుసార్లు గుచ్చినా, 31 ఏండ్ల అనుభవం, రక్తం రాలా. నా నుదుటి మీద చెమట. అప్పుడు వాడే, నిదానంగా, సార్ ఎడమ చెయ్యి బొటనవేలు పక్కన చూడండి, అక్కడ ఒకటి ఉంది, దాన్ని ఎప్పుడూ ముట్టుకోలా నేను, అన్నాడు. ఎందుకు ముట్టుకోలేదు రా అంటే, ఎప్పుడన్నా ఆస్పత్రిలో అవసరం పడితే ఉంటుందని దాచిపెట్టుకున్నా సార్ అన్నాడు.

ఆస్పత్రి కోసం ఒక నరం దాచిపెట్టుకున్నాడు వాడు. అవగాహన లేదంటారా వాడికి?

అందుకే నేను ఎక్కడ మాట్లాడినా ముందు చెప్పేది ఇదే, వీళ్ళకి మొదటి టెస్టుకి నరంలో గుచ్చొద్దు. వేలి చివర ఒక్క చుక్క చాలు, కిట్ దాంతోనే పని చేస్తుంది, ఇరవై నిమిషాల్లో చెప్తుంది. నోటి చిగుళ్ళ తడితో ఎవరికి వాళ్ళు ఇంట్లో చేసుకునే కిట్టుని కూడా 2024లో డబ్ల్యూహెచ్‌ఓ ఒప్పుకుంది. రెండో టెస్టు, ఆర్‌ఎన్‌ఏ, దానికి కూడా టీబీ కోసం పెట్టిన మిషన్లు ఉండాయి కదా, ట్రూనాట్, జీన్‌ఎక్స్‌పర్ట్, కరోనాలో మనమందరం ముక్కులో పుల్ల పెట్టించుకున్నాము చూడండి, ఆ మిషన్లే. అదే మిషన్, లోపల పెట్టే చిప్పు వేరు, అంతే. చిప్పు తెప్పిస్తే అయిపోతుంది. వేలి చుక్కతో గంటలో ఆర్‌ఎన్‌ఏ చెప్పే కార్ట్రిడ్జ్ కూడా ఉండాది. మిషన్ ఉంటుంది, చిప్పు ఉండదు, చిప్పు వచ్చినప్పుడు ఏసీ పని చెయ్యదు, ఏసీ బాగైనప్పుడు మనిషి సెలవులో ఉంటాడు. నవ్వొద్దండి, ఇది నా బతుకు.

మెట్లు లెక్కపెట్టండి ఒకసారి. పాజిటివ్ వచ్చినోడు ఎన్ని మెట్లు ఎక్కాల? ఓపీ చీటీ ఒకటి. కిట్ టెస్టు. రిజల్ట్‌కి మళ్ళీ రావాల. ఆర్‌ఎన్‌ఏకి ఇంకో చోట రక్తం. దానికి రిజల్ట్ వారం. స్కానింగుకి డేట్. పెద్ద డాక్టరు మంగళవారం మాత్రమే ఉంటాడు. ఆధార్ జిరాక్స్ మర్చిపోతే మళ్ళీ రావాల. అలిపిరి నుంచి కొండకి 3,550 మెట్లు, ముసలమ్మలు కూడా ఎక్కుతారు, ఎందుకెక్కుతారు, దారి పొడుగునా పైన రేకు ఉంది, తాగడానికి నీళ్ళున్నాయి, కూర్చునే తావు ఉంది, పక్కన గోవిందా అనేవాళ్ళు ఉన్నారు. మనం పెట్టినవి ఎనిమిది మెట్లే, ఒక్కదాని దగ్గర నీళ్ళు లేవు. సూదేసుకునే పిల్లోడికి ఆరు గంటలకొకసారి ఒళ్ళు నొప్పులు, వాంతి, చెమటలు మొదలవుతాయి, వాడు మీ మూడు గంటల లైన్లో ఎట్లా నిలబడతాడు? మధ్యలో పోతాడు. పోతే రిజిస్టర్లో ఏం రాస్తారు? పేషెంట్ రాలేదు అని రాస్తారు. మనం పోగొట్టుకున్నాము అని రాయరు.

మెట్లు తగ్గించొచ్చా? తగ్గించొచ్చు. కిట్ పాజిటివ్ వస్తే అదే ట్యూబ్ రక్తం నుంచే ల్యాబ్ వాళ్ళే ఆర్‌ఎన్‌ఏ చేసెయ్యాల, మనిషిని మళ్ళీ పిలవకూడదు, దీన్ని రిఫ్లెక్స్ టెస్టింగ్ అంటారు. స్కానింగ్ అందరికీ అక్కర్లా, ఏఎస్టీ, ప్లేట్‌లెట్లు అని రక్తం టెస్టులో వచ్చే రెండు అంకెలు తెలిస్తే లివర్ గట్టిపడిందా లేదా అని ఒక లెక్క కట్టొచ్చు, ఏప్రి అంటారు, మన నేషనల్ ప్రోగ్రామ్ పుస్తకంలోనే ఉండాది, సెల్‌ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు. హెపటైటిస్ బి మాత్రం తప్పకుండా చూడాల, ఎందుకంటే సి కి మందు ఇచ్చేటప్పుడు నిద్రపోతా ఉన్న బి లేచి కూర్చునే ప్రమాదం ఉంది. ఈరోజే వేలికి చుక్క, బి లేదని తేలితే ఈరోజే బి టీకా మొదటి డోసు.

మందు సంగతి. సోఫోస్‌బువిర్ అనే మాత్ర 2013 చివర్లో అమెరికాలో వచ్చినప్పుడు ధర ఎంతో తెలుసా? ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు. 12 వారాలు, అంటే 84 మాత్రలు, 84 వేల డాలర్లు. 2014లో మన దేశం కంపెనీలకి లైసెన్సు వచ్చింది, అందులో హైదరాబాద్ కంపెనీ హెటెరో ఉండాది, 2015లో ఇంకో హైదరాబాద్ కంపెనీ నాట్కోకి కూడా వచ్చింది. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాల్సిన పని లేదు, మనోళ్ళ సంగతి మీకు తెలుసు, ధర నేలకి దిగింది. 2018 జులై 28న నేషనల్ వైరల్ హెపటైటిస్ కంట్రోల్ ప్రోగ్రామ్ పెట్టినారు, అప్పటి నుంచి సర్కారు ఆస్పత్రిలో టెస్టూ మందూ ఫ్రీ. సోఫోస్‌బువిర్ ఒకటి, డక్లాటస్‌విర్ ఒకటి, రోజుకొకసారి, మూడు నెలలు. లివర్ గట్టిపడిన వాళ్ళకి వేరే జత ఇస్తారు. నూటికి 95 మందికి నయమైపోతుంది. మందు అయిపోయిన మూడు నెలలకి ఇంకోసారి ఆర్‌ఎన్‌ఏ చేసి, వైరస్ లేదని వస్తే నయమైపోయినట్టే. మన కాలంలో ఇంటర్‌ఫెరాన్ సూదులని ఉండేవి, వారం వారం, చలి జ్వరం, జుట్టు రాలేది, ఏడాది వేసినా సగం మందికి పోయేది కాదు. ఇప్పటి పిల్లోళ్ళకి ఆ బాధ తెలీదు.

ఇంత మందు ఉండి, ఫ్రీగా ఉండి, మనం ఏమంటాము వాళ్ళతో? ముందు మానేసి రా. ఆరు నెలలు క్లీన్‌గా ఉండి రా, అప్పుడు చూద్దాం.

షుగరు పేషెంటుని ముందు అన్నం మానేసి రా ఆ తర్వాత మాత్ర ఇస్తా అంటారా? బీపీ వాడిని ఉప్పు మానేసి ఆరు నెలలయ్యాక రా అంటారా? మానలేకే కదా వాడు ఈ గతికి వచ్చింది. సార్ వీళ్ళు మాత్రలు సరిగ్గా వేసుకోరు, వేస్ట్ చేస్తారు అంటారు. ఇది నేను కాదు, ఏడు దేశాల్లో సూదులేసుకుంటా ఉన్న 103 మందికి మందు ఇచ్చి చూసినారు, మానేసినోళ్ళు కాదు, ఆరు నెలల లోపల సూదేసుకున్నోళ్ళు. నూటికి 94 మందికి నయమైంది. ఇంకో దానిలో, ఐదు దేశాల్లో 399 మందికి, మొదటి రోజే 84 రోజుల మందంతా చేతిలో పెట్టి పంపించినారు, మధ్యలో రక్తం టెస్టులు లేవు, రావాల్సిన పని లేదు. నూటికి 95. మనం ఏమో 28 రోజుల డబ్బా ఇచ్చి, ఖాళీ డబ్బా తెస్తేనే రెండోది అంటాము.

మన దేశంలో పంజాబ్ చేసి చూపించింది, 2016 నుంచి జిల్లా ఆస్పత్రుల్లోనే మందు ఇచ్చినారు, 48 వేల మంది లెక్క వేస్తే నూటికి 91 మందికి పైగా నయం. పెద్ద ఊరికి రమ్మనలా, అక్కడికే తీసుకుపోయినారు, అంతే తేడా.

అవునన్నా, అడగండి. మెడికల్ షాపాయన చెయ్యెత్తినాడు. గట్టిగా చెప్పండి... ఆ, ఆయన అడిగేది, రాత్రి పూట పిల్లోళ్ళు వచ్చి సిరంజి ఇయ్యి అంటారు, ఇస్తే నేను వాళ్ళని చెడగొట్టినట్టు కాదా, పోలీసోళ్ళు నన్ను అడగరా అని. మంచి ప్రశ్న. రెండు వేరు వేరు సంగతులు అన్నా. మత్తెక్కే నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు, చీటీ లేకుండా ఇయ్యొద్దు, ఎవరడిగినా ఇయ్యొద్దు, అది చట్టం, అది న్యాయం కూడా. సిరంజి వేరు. మీరు ఇయ్యకపోతే వాడు వేసుకోకుండా పోతాడా? పక్కనోడు వాడేసింది తీసుకుంటాడు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం 22వ సెక్షన్ చదవండి, జబ్బు అంటకుండా కొత్త సూది ఇచ్చే పనిని నేరం కాదనే రాసి ఉండాది. నాకో అని ఎయిడ్స్ కంట్రోల్ చూసే కేంద్ర సర్కారు సంస్థ ఉంది కదా, దాని ప్రాజెక్టు వాళ్ళు ఏండ్ల తరబడి సూదులిస్తానే ఉండారు, పాత సూది తెచ్చిచ్చి కొత్తది తీసుకుపోతారు, అందులో పనిచేసే పీర్ ఎడ్యుకేటర్లు, అంటే తోటివాళ్ళకి చెప్పేవాళ్ళు, వాళ్ళు కూడా ఒకప్పుడు వాడినోళ్ళే. మానాలనుకునేవాళ్ళకి నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్ మాత్ర ఇస్తారు, ఓఎస్టీ అంటారు, అది తీసుకునేవాడికి ఒళ్ళు నొప్పులు రావు, సూది జోలికి పోడు, రోజూ వస్తాడు. రోజూ వస్తాడు అంటున్నా, వింటున్నారా? రోజూ వచ్చే మనిషికి ఆ మాత్రతో పాటే ఈ మాత్ర కూడా ఇవ్వొచ్చు కదా, మన కండ్ల ముందరే మింగుతాడు కదా. ఆ సెంటర్లోనే వేలి టెస్టు పెట్టొచ్చు కదా. దానికెందుకు వాణ్ణి ఇంకో బిల్డింగుకి పంపిస్తారు?

కొండ మీద బ్లేడు ఇస్తే మొక్కు పెరగదు. ఇక్కడా అంతే అన్నా.

ఇంకొక్కటి చెప్పి దిగిపోతా. నాకు ఇష్టం లేని సంగతి ఇది, మా ఇంట్లో వాళ్ళకి కూడా ఈ మధ్యే చెప్పినా.

ఈజిప్టు దేశం తెలుసు కదా. అక్కడ ప్రపంచంలో ఎక్కడా లేనంత హెపటైటిస్ సి ఉండేది. ఎట్లా వచ్చింది? సూదేసుకునే పిల్లోళ్ళ వల్ల కాదు. 1950ల నుంచి 1980ల దాకా కాలవ నీళ్ళలో వచ్చే బిల్హార్జియా అనే జబ్బుకి సర్కారే ఊరూరా సూదులేయించింది, గాజు సిరంజిలు, సరిగ్గా ఉడికించకుండా ఒకరి తర్వాత ఒకరికి. తెల్ల కోటు వేసుకున్నోళ్ళు, మంచి చేద్దామనుకున్నోళ్ళు అంటించినారు. ఆ సర్కారే మళ్ళీ 2018, 2019లో కోట్ల మందికి టెస్టులు చేసి మందిచ్చి, ఇప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ దగ్గర మెచ్చుకోలు తెచ్చుకుంది.

నేను పనిలో చేరిన కొత్తల్లో, ఒక చిన్న ల్యాబ్, పేరు వద్దు, ఇప్పుడు లేదు కూడా. స్టీలు డబ్బాలో గాజు సిరంజిలు, కిరసనాయిలు స్టవ్ మీద ఉడికించేది నా పని. జనం ఎక్కువైన రోజు, ఊరికే వేణ్ణీళ్ళలో ముంచి తీసినా. వేలికి గుచ్చే సూదిని స్పిరిట్ దూదితో తుడిచి ఇంకొకరికి గుచ్చినా. అందరూ అట్లే చేస్తా ఉండిరి, నేనూ చేసినా. ఎంతమందికి అంటించినానో నాకు తెలీదు, తెలుసుకునే దారి కూడా లేదు. కల్యాణకట్టలో గుండు కొట్టే ఆయన తలకొక బ్లేడు వాడతా ఉంటే, నేను, చదువుకున్నోణ్ణి, తెల్ల కోటు వేసుకుని, ఒకే సూదితో పదిమందికి గుచ్చినా.

ఆ రోజుల్లో నాకూ గుచ్చుకునేది, వారానికొకసారన్నా. సి కి టెస్టు వచ్చినాక కూడా నేను చేయించుకోలా, చానా ఏండ్లు. మిషన్ నా చేతి కింద, కిట్లు నా బీరువాలో, తాళం చెవి నా జేబులో. అయినా చేసుకోలా. చివరికి ఒక ఆదివారం ఎవరూ లేనప్పుడు నా వేలికి నేనే గుచ్చుకుని, గడియారం పెట్టుకుని కూర్చున్నా. ఇరవై నిమిషాలు. ఒక గీతే వచ్చింది. అయినా నమ్మకం రాలా, ఇంకో కంపెనీ కిట్ తీసినా. నాకే అంత భయమైతే, చొక్కా చేతులు కిందికి లాక్కుని వచ్చే ఆ పిల్లోడికి ఎంత ఉండాల?

ఆ, ఆ నరం దాచిపెట్టుకున్న పిల్లోడు ఏమైనాడు అని అడుగుతాంది ఆ పాప. నయమైంది వాడికి. మానేశాడా అంటే, పూర్తిగా లేదు, ఓఎస్టీ మీద ఉండాడు, మధ్యలో రెండుసార్లు జారినాడు. కానీ మందేసుకున్నన్నాళ్ళలో వాడి జట్టులో వాళ్ళని ఆరుమందిని తీసుకొచ్చినాడు నా దగ్గరికి, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని సార్ వీడికి ఇక్కడ చూడండి, వీడికి అక్కడ చూడండి అని వాడే చెప్పేవాడు. ఆశా వాళ్ళు పోలేని తావులకి వాడు పోతాడు. జీతం ఇచ్చి పెట్టుకోవాల్సిన మనిషి వాడు.

టైమ్ అయిపోయిందంట. వెనక ఒక అమ్మ లేచి నిలబడింది చాలాసేపటి నుంచి, అడగమ్మా. గట్టిగా అక్కర్లా, నేనే చెప్తా అందరికీ... ఆమె అడిగేది, వాళ్ళ అబ్బాయికి ఒకసారి మందిచ్చి నయమైంది, మళ్ళీ వచ్చిందని చెప్పినారు, రెండోసారి పోతే తిడతారేమో, మళ్ళీ ఇస్తారా అని.

ఇస్తారమ్మా. ఇది ఒకసారి వచ్చి పోతే మళ్ళీ రాదు అనే జబ్బు కాదు, మళ్ళీ అంటొచ్చు. మొదటి మందు పని చెయ్యలేదా, కొత్తగా అంటిందా అనేది డాక్టరు చూసి మందు నిర్ణయిస్తాడు, మార్చొచ్చు కూడా. తిట్టేవాళ్ళు ఉంటే నా పేరు చెప్పు. రేపు పొద్దున తొమ్మిదికి తీసుకురా, నేను కూడా వస్తా. పాత కాగితాలు ఉంటే తీసుకురా, లేకపోయినా రా. పరగడుపున అక్కర్లా, ఇడ్లీ తినేసి రమ్మను.